ఫోన్ ఉన్నచోటే మనిషి

మా దీదీ మధ్యాహ్నాలు ఫోన్ ఎత్తేది కాదు. ఎందుకు ఎత్తదో నాకు మొన్నటి వానాకాలంలో తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి నా కోపం దిగలేదు. దింపుకోవాలని నాకూ లేదు.

దీదీ అంటే మా ఇంట్లో పనిచేసే మనిషి. మేం ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో కాపురం పెట్టిన కొత్తలో పనికి కుదిరింది. ఆమె నన్ను దీదీ అంటుంది, నేను ఆమెను దీదీ అంటాను. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇంతవరకూ తేలలేదు. పొద్దున్నే వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, చపాతీలు చేసి వెళ్తుంది. చేతిలో పని ఎంత ముఖ్యమో ఫోన్ అంత ముఖ్యం. స్పీకర్ పెట్టి, సింకు పక్కన గట్టు మీద డబ్బాకు ఆనించి, ఊళ్ళో ఉన్న అక్కతో లోకంలోని సంగతులన్నీ మాట్లాడుతుంది. నేను ఒంగోలు మనిషినని, పచ్చడి లేనిదే నాకు ముద్ద దిగదని, నాకు నోరెక్కువని ఆ అక్కకు కూడా తెలుసు. "ఆజ్ దీదీకా మూడ్ కైసా హై?" అని అక్కడినుంచి ఆరా తీస్తుంది. "ఠీక్ హై" అని నేను హాల్లోంచి అరుస్తాను. చీపురు పట్టుకుంటే ఫోన్ కుర్తా జేబులోకి వెళ్తుంది, చపాతీ కర్ర పట్టుకుంటే మళ్ళీ గట్టెక్కుతుంది. చేతికందేంత దూరంలో ఫోన్ లేకుండా దీదీని నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం మాత్రం లెక్క వేరు. అప్పుడు ఆమె ఘాజియాబాద్ వైపున్న ఇంకో అపార్ట్‌మెంట్ సొసైటీలో పనికి వెళ్తుంది. ఆ వేళలో ఎవరు చేసినా రింగ్ పోతుంది గానీ ఎత్తదు. రేపు పెందరాళే రమ్మని చెప్పాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సిందే. ఆమె భర్త ఈ-రిక్షా నడుపుతాడు. ఎందుకు ఎత్తవని అతను గొడవపడితే, "చేతులు తడిగా ఉంటాయి, ఎలా ఎత్తను" అని సర్దిచెప్పేదట. నాకూ అదే చెప్పింది. మా ఇంట్లో తడి చేతుల్తోనే మోచేత్తో నొక్కి మాట్లాడే మనిషి ఆ మాట ఎందుకు చెప్పిందో, ఎంత సిగ్గుపడి చెప్పిందో ఇప్పుడు అర్థమవుతోంది.

నా ఉద్యోగం నోయిడాలో. కూలిన ఇళ్ళ కింద, విరిగిపడిన కొండచరియల కింద చిక్కుకున్నవాళ్ళను వాళ్ళ ఫోన్ల సిగ్నల్ పట్టుకుని వెతికే పరికరం తయారుచేస్తాం. పెద్ద పెద్ద మాటలు చాలా ఉన్నాయి గానీ, విషయం ఇంతే. ఫోన్ జేబులో ఊరికే పడి ఉన్నా నోరు మూసుకుని ఉండదు. దగ్గర్లోని టవర్‌ను మధ్యమధ్యలో పలకరిస్తూనే ఉంటుంది. మా పెట్టె ఒక బుల్లి టవర్‌లా నటిస్తుంది. చుట్టుపక్కల ఫోన్లన్నీ దూరపు టవర్‌ను వదిలి దీనికి పలుకుతాయి. ఏ పక్కనుంచి పలికింది, ఎంత గట్టిగా పలికింది అన్నదాన్ని బట్టి ఫోన్ ఎక్కడుందో అంచనా కడతాం. అవసరమైతే ఆ ఫోన్‌ను మా పెట్టె నుంచే మోగిస్తాం. దీన్ని అమ్మడానికి వెళ్ళినప్పుడు చూపించే మొదటి స్లైడ్ మీద 'ఫోన్ ఉన్నచోటే మనిషి' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ మాట రాసింది మా మేనేజరు, ఆయనా తెలుగువాడే. ఆయన బాత్‌రూమ్‌లోకి కూడా ఫోన్ లేకుండా వెళ్ళడు. ఆయన చుట్టూ ఉన్న మేమూ అంతే. అందుకే ఆ మాట మీద మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ వానాకాలంలో రోజుల తరబడి ముసురు పట్టింది. దీదీ పనిచేసే సొసైటీ పక్క స్థలంలో ఎవరో బేస్‌మెంట్ కోసం లోతుగా తవ్వి, పని ఆపేసి వెళ్ళిపోయారు. గుంటలో నీళ్ళు నిండి మట్టి జారింది. ముందు ప్రహరీగోడ పడింది. దాన్ని ఆనుకుని ఒక వరుసలో ఉన్న సెక్యూరిటీ గది, క్లబ్‌హౌస్ దాని వెంటే కూలాయి. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ.

రెస్క్యూ టీమ్ ఆఫీసరుకు మా పెట్టె సంగతి తెలుసు. కొన్ని నెలలుగా వాళ్ళతో కలిసి పరీక్షలు చేస్తున్నాం. ఆయన ఫోన్ చేసి చెప్పిన పేరు దీదీ పనిచేసే సొసైటీదే. పైవాళ్ళ అనుమతి కోసం మేనేజరు ఇంకా ఎవరెవరినో బతిమాలుకుంటూ ఉండగానే, పెట్టెను ఆఫీసు క్యాబ్‌లో వేసుకుని, టీమ్‌లో ఇంకో ఇంజనీరును వెంటబెట్టుకుని బయల్దేరాను. దారంతా దీదీకి చేస్తూనే ఉన్నాను. రింగ్ పోతోంది, ఎత్తడం లేదు. ఎత్తకపోవడం మామూలేగా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

గేటు ముందు ఆమె భర్త నిలబడి ఉన్నాడు. ఈ-రిక్షా రోడ్డుకి అడ్డంగా వదిలేసి వచ్చాడు. నన్ను చూడగానే ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "మేడమ్‌జీ, రింగ్ పోతోంది. ఇంకా రింగ్ పోతోంది" అన్నాడు. అతని ఆశంతా ఆ రింగ్ మీదే ఉంది. నా ఆశ కూడా దాని మీదే.

మా పెట్టె పనిచేయాలంటే ముందు బయటివాళ్ళ ఫోన్లు ఆగాలి. లేకపోతే మట్టి కింద ఫోన్ ఏదో, మట్టి మీద నిలబడి వీడియో తీసేవాడి ఫోన్ ఏదో తెలియదు. "ఫోన్ ఉన్న ప్రతివాళ్ళూ ఆపేయాలి, లేదా రోడ్డవతలికి వెళ్ళిపోవాలి" అని ఆఫీసరుకు చెప్పాను. ఆయన కానిస్టేబుళ్ళకు చెప్పాడు. కానిస్టేబుళ్ళు ఎవరిని తోలారో చూడండి. గేటు దగ్గర గుమిగూడిన పనిమనుషుల్ని, డ్రైవర్లను, కారు తుడిచేవాళ్ళను లాఠీలు ఊపి రోడ్డవతలికి నెట్టారు. ఫ్లాట్ల వాళ్ళు మాత్రం పోలీసులు కట్టిన తాడు లోపలే నిలబడ్డారు. వాళ్ళది సొసైటీ కదా. చేతుల్లో ఫోన్లు ఎత్తిపట్టుకుని కూలిన క్లబ్‌హౌస్‌ను అన్ని కోణాల్లోంచీ తీస్తున్నారు. ఒక అంకుల్ దగ్గరికి వెళ్ళి "ఫోన్ ఆఫ్ చేయండి" అన్నాను.

"ఫ్లైట్ మోడ్‌లో పెట్టానమ్మా. వీడియోకి నెట్‌వర్క్ అక్కర్లేదు కదా!" అన్నాడు తెలివిగా.

నిజమే, అక్కర్లేదు. ఆ తెలివి చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఇంతలో ఒక నాయకుడు వచ్చాడు. ఆయన వెనకాల ఒక గుంపు, గుంపులో ఒక్కొక్కరికి రెండేసి ఫోన్లు. నా ల్యాప్‌టాప్ తెర మీద చుక్కలు గోధుమల బస్తా ఒలకబోసినట్టు పరుచుకున్నాయి. ఆయన టీవీ వాళ్ళతో మాట్లాడి, నమస్కారాలు పెట్టి, కారెక్కేదాకా అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. మట్టి కింద మనుషులున్నారు. ఆయన మాత్రం కెమెరా వాళ్ళు అడిగారని అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి విచారం ప్రకటించాడు. నేను తెలుగులో తిట్టాను. అక్కడ ఎవరికీ అర్థం కాలేదన్న ధైర్యంతో కొంచెం గట్టిగానే తిట్టాను.

చివరికి తెర శుభ్రపడింది. మిగిలినవి ఒక డజను చుక్కలు. అన్నీ ఒకేచోట, గేటు వైపు చివర, సెక్యూరిటీ గది ఉన్నచోట. వాటిలో దీదీ నంబరు ఉంది.

ఆఫీసరు సొసైటీ సెక్రటరీని పిలిచాడు. తెల్ల బూట్లు, ఇస్త్రీ చొక్కా, అంత వానలోనూ నలగని మనిషి. "లోపల ఎంతమంది ఉండొచ్చు? ఎక్కడ ఉండొచ్చు?" అని ఆఫీసరు అడిగితే, "స్టాఫ్ సంగతి ఎలా చెప్పగలం సార్, అటూ ఇటూ తిరుగుతుంటారు" అన్నాడు. నేను తెర చూపించి, ఫోన్లన్నీ ఈ మూల ఉన్నాయని వివరించాను. ఆయన తెరను శ్రద్ధగా చూసి తల ఊపాడు. పక్కన సెక్యూరిటీ గార్డు ఉన్నాడు. గది కూలినప్పుడు టీకి వెళ్ళి బతికిపోయాడు. అతను నోరు తెరవబోయాడు. సెక్రటరీ అతని వైపు ఒక్క చూపు చూశాడు. అతను నోరు మూసుకున్నాడు. అది నేను చూశాను. అప్పుడు నాకు అది గార్డూ సాబూ మధ్య ఏదో మామూలు భయంలాగే కనిపించింది.

"నా దగ్గర ఉన్న మనుషుల్ని రెండుచోట్ల పెట్టలేను మేడమ్. ఖాయంగా ఇక్కడేనా?" అని ఆఫీసరు అడిగాడు.

దీదీ నంబరు మోగించాను. అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు. జనరేటర్ ఆపారు. స్లాబు ముక్కల కిందినుంచి, సన్నగా, రోజూ మా వంటింట్లో వినే ఆ ట్యూన్ వినపడింది. దీదీ భర్త ఉన్నచోటే కూలబడి నేలకు నుదురు ఆనించాడు. తాడు లోపలి జనం చప్పట్లు కొట్టారు. సెక్రటరీ కూడా కొట్టాడు. మిగతావన్నీ ఎప్పుడైనా మర్చిపోతానేమో గానీ, ఆ మనిషి చప్పట్లు మాత్రం మర్చిపోను.

"ఇక్కడే" అన్నాను.

మనుషులంతా ఆ మూలకు చేరారు. ఇనుప చువ్వలు కోసి, స్లాబు ముక్కలు జాకీలతో లేపి, చేతులతో మట్టి తోడారు. దిక్కు తప్పకుండా ఉండటానికి మధ్యమధ్యలో ఆ ఫోన్‌ను మోగిస్తూనే ఉన్నాం. మోగినప్పుడల్లా దీదీ భర్త "ఆ రహే హై, ఆ రహే హై" అని మట్టితో చెప్పేవాడు, వస్తున్నామని. వాన ఆగుతూ పడుతూ ఉంది. రోడ్డవతల ఆడవాళ్ళు ఏదో అరుస్తున్నారు. మేం నిశ్శబ్దం అడిగామని కానిస్టేబుళ్ళు వాళ్ళను "చుప్! చుప్!" అని అదిలిస్తున్నారు. ఆ వీధి మొత్తంలో ఆ వేళ చేతిలో ఫోన్ లేనివాళ్ళు వాళ్ళొక్కరే. ఫోన్లున్నాయని దూరంగా తోలింది కూడా వాళ్ళనే.

పొద్దు వాలుతుండగా మోగుతున్న చోటు దొరికింది. మట్టిలో చెయ్యి పెట్టిన జవాను బయటికి లాగింది ఒక నీలం ప్లాస్టిక్ క్రేటును. కూరగాయల బండ్ల మీద ఉంటుందే, అలాంటిది. దానిలో డజను ఫోన్లు. ఒక్కోదానికి రబ్బరు బ్యాండు, బ్యాండు కింద ఫ్లాట్ నంబరు రాసిన చీటీ. పైనున్న ఫోన్ ఇంకా మోగుతోంది. తెర మీద వెలుగు వస్తూ పోతూ ఉంది.

దీదీ భర్త క్రేటులోకి చూశాడు, తర్వాత క్రేటు తీసిన గుంటలోకి చూశాడు, మళ్ళీ క్రేటులోకి చూశాడు. ల్యాప్‌టాప్ మీద నొక్కి ఆ ఫోన్‌ను పక్కనున్న ఇంజనీరు ఆపాడు.

"ఇవి ఇక్కడ ఎందుకున్నాయి?" అని సెక్రటరీని అడిగాను.

"అది మా సొసైటీ రూల్ మేడమ్. పనివాళ్ళ ఫోన్లు గేటు దగ్గర జమ చేయాలి. ప్రైవసీ. ఏడాదిగా ఉంది" అన్నాడు. ఆ గొంతులో ఏ తడబాటూ లేదు.

"మరి ఇంతసేపూ చెప్పలేదేం? ఫోన్లున్న చోట మనుషులున్నారని తవ్వుతున్నాం కదా!"

"మీరు ఫోన్లు వెతుకుతామన్నారు. దొరికాయి కదా" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనిషి కాలర్ పట్టుకున్నాను. పట్టుకున్నానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. విడిపించింది ఆఫీసరు. విడిపించి, ఆయన కూడా ఆ మనిషిని ఒక మాట అన్నాడు, ఇక్కడ రాయలేను. సెక్రటరీ మూర్ఖుడు కాదు. క్రేటు ఎక్కడుంటుందో, మా పెట్టె ఏం చూపిస్తోందో ఆయనకు మొదటినుంచీ తెలుసు. అన్ని కెమెరాల ముందు ఆ రూలు సంగతి బయటపడటం ఇష్టంలేదు, అంతే. పరువు. ఆ రూలు ఎలా పుట్టిందో తర్వాత విన్నాను. ఆ సొసైటీలో ఒకావిడ పనిమనిషిని నానా బూతులూ తిట్టి చెయ్యి చేసుకుంటే, ఆ పిల్ల వీడియో తీసింది. అది నాలుగు సొసైటీలు తిరిగింది. అందరూ మీటింగు పెట్టి, కొట్టడం ఆపాలని తీర్మానించలేదు. వీడియోలు ఆపాలని తీర్మానించారు.

నేను తాడు దాటి రోడ్డవతలికి పరుగెత్తాను. నేను నోరు తెరవకముందే ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చెప్పారు. మధ్యాహ్నం నుంచీ అరుస్తున్నది అదేనట. లోపల చిక్కుకున్నవాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే ఉంటాయి, వాళ్ళు క్లబ్‌హౌస్ వెనక హాల్లో ఉన్నారు. రాత్రికి ఎవరిదో పెళ్ళిరోజు ఫంక్షన్, స్టేజీ వెనక గదిలో కుర్చీలు కడగడానికి కమిటీ వాళ్ళే పిలిపించారు. గేటుకు సరిగ్గా రెండో చివర.

అక్కడికి వెళ్ళాక ఎక్కువసేపు పట్టలేదు. స్టేజీ వెనక గోడ ఒకటి సగం నిలబడి ఉంది, దాని కింద కాస్త ఖాళీ మిగిలింది. ముందు బయటికి వచ్చిన ఆడవాళ్ళు దెబ్బలతో ఏడుస్తూ వచ్చారు. తర్వాత దీదీ వచ్చింది. ఎడమ కాలు నుజ్జయింది గానీ స్పృహలో ఉంది. మొగుణ్ణి చూసి, "రిక్షా ఎక్కడ పెట్టావు" అని అడిగింది. ఆమె తర్వాత తీసిన మనిషికి ముఖం మీద గుడ్డ కప్పారు. ఆ సొసైటీలో వంట చేసే ఆవిడ, దీదీకి స్నేహితురాలు. స్టెతస్కోపు తీసేసి డాక్టరు, "కొంచెం ముందుగా తీసి ఉంటే" అంటూ దీదీ కాలు చూడటానికి వంగాడు.

మర్నాడు ఆఫీసులో మేనేజరు స్వీట్లు తెప్పించాడు. డజను ఫోన్లుంటే డజనూ పట్టుకున్నాం, ఒక్క మీటరు తేడా లేదు.

"టెక్నికల్‌గ చూస్తే మనది సక్సెసే గద మేడమ్. గంత పరేషాన్ ఎందుకైతున్నరు? గా సెక్రటరీ చెప్పకపోతె మనమేం జేస్తం?" అన్నాడు.

"అడగాలండీ. పెట్టె తెరవకముందే అడగాలి, ఇక్కడ ఎవరి ఫోను ఎవరి దగ్గరుంటదని. ఆ మొదటి స్లైడు తీసెయ్యండి" అన్నాను.

"క్లయింట్లకు మంచిగ ఎక్కుతది మేడమ్ ఆ లైను."

స్వీటు డబ్బా ఆయన టేబుల్ మీదినుంచి తీసి చెత్తబుట్టలో వేశాను. నా సీటు దగ్గరికి వెళ్ళేదాకా ఫ్లోరంతా నన్నే చూసింది. ఆ స్లైడు ఇంకా ఉంది. ఆ సొసైటీ వాళ్ళు గేటు దగ్గర కొత్త గది కట్టారు, అందులో క్రేటు బదులు తాళాలున్న అరలు పెట్టించారు. ఇప్పుడు చాలా పద్ధతిగా ఉందని ఎవరో వాట్సాప్‌లో మెచ్చుకున్నారు. మా సొసైటీలో కూడా అలాంటివి పెడితే బాగుంటుందని ఒక ఆంటీ గ్రూపులో అడిగింది. ఆవిడకు నేనిచ్చిన జవాబు చూసి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

కాలికి ఆపరేషన్ అయ్యాక దీదీని చూడటానికి సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె ఫోన్ నేనే పట్టుకెళ్ళాను. తీసుకుని దిండు పక్కన బోర్లా పెట్టింది. కాసేపు అక్క కబుర్లు చెప్పింది. తర్వాత తనంతట తానే మొదలుపెట్టింది. హిందీలో చెప్పిందాన్ని నా తెలుగులో రాస్తున్నాను.

"నా ఫోన్ మోగడం వినపడింది దీదీ. ఎక్కడో దూరంగా, కానీ నాదే. మీరే చేశారని తెలుసు. నేనూ, వంట చేసే నా స్నేహితురాలూ చాలా సంతోషపడ్డాం, వెతుకుతున్నారని. తర్వాత తవ్వే చప్పుడు అటువైపే పోయింది. నాకు అర్థమైంది. నేను అరవడం మొదలుపెట్టాను. తను వద్దంది. ఊపిరి దాచుకో, ముందు ఫోన్ల దగ్గరికి వెళ్తారు, అక్కడ మనం లేమని చూశాక ఇక్కడికొస్తారు అంది. తన మీద దూలం ఉంది. అయినా నాకే ధైర్యం చెబుతూ ఉంది."

ఎంతసేపు మాట్లాడిందని అడిగాను.

దీదీ పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూసింది. "ఫోన్ మోగినంతసేపూ మాట్లాడుతూనే ఉంది" అంది.